మనుమలకు లెక్కలు చెప్పడంలో తొందర వద్దు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి ఇంతవరకు పెద్దలు మాట్లాడారు. అవి మన లెక్కలు. నేను మన మనుమల లెక్కల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచుకున్నాను. ఇది మన సమావేశానికి సంబంధం లేని విషయమని కొందరికి అనిపించవచ్చు. కాని ఈ సభలో కూర్చున్నవారిలో ఎంతమంది ఇళ్లలో కొడుకూ కోడలూ, లేదా కూతురూ అల్లుడూ, ఇద్దరూ ఉద్యోగాలకు వెళుతున్నారో ఒక్కసారి ఆలోచించండి. సాయంత్రం నాలుగు గంటలకు స్కూలు వ్యాను దిగిన పిల్లవాడి చేతి సంచీ అందుకునేది మనమే. హోంవర్కు పుస్తకం తెరిచేదీ మనమే. కనుక ఒకటో తరగతి నుంచి మూడో తరగతి దాకా లెక్కల బాధ్యత, ఎవరూ ఉత్తర్వు ఇవ్వకుండానే, మన మీద పడింది.

ఈ బాధ్యత చిన్నది కాదు. లెక్కలంటే ఇష్టమో భయమో ఈ మూడు నాలుగేళ్లలోనే పిల్లల మనసులో నాటుకుంటుంది. తరువాత దాన్ని మార్చడం చాలా కష్టం. అందువల్ల ఏమి చెప్పాలన్నదాని కంటే ఎంత వేగంతో చెప్పాలన్నది ముఖ్యమని నా అభిప్రాయం. ఏమి చెప్పాలో పాఠ్యపుస్తకంలో ఉంటుంది. వేగం మాత్రం పుస్తకంలో ఉండదు. అది పిల్లవాడిని చూసి తెలుసుకోవాలి.

ముందుగా ఒక వాస్తవం చెబుతాను. ప్రథమ్ అనే సంస్థ గ్రామీణ భారతదేశంలో జరిపే 'అసర్' సర్వే 2024 లెక్కల ప్రకారం, మూడో తరగతి పిల్లల్లో తీసివేత లెక్క చేయగలిగినవారు నూటికి 34 మంది లోపే. ఐదో తరగతిలో భాగహారం చేయగలిగినవారు నూటికి 31 మంది లోపే. మిగతావారు తెలివితక్కువవారు కాదు. జూన్‌లో మొదలైన పుస్తకం ఏప్రిల్‌కు పూర్తి కావాలి. పిల్లవాడు మూడో పాఠం దగ్గర ఆగిపోయినా తరగతి మాత్రం పన్నెండో పాఠానికి వెళ్లిపోతుంది. నలభై మంది పిల్లలున్న గదిలో టీచరు ఒక్కరి కోసం ఆగడం కష్టం. ఆ ఆగగలిగే సౌకర్యం ఇంట్లో మనకు ఉంది. మనకు సిలబసు లేదు, ఇన్‌స్పెక్షను లేదు, మార్చి నెలాఖరు లేదు. ఇంత సౌకర్యం పెట్టుకుని మనం కూడా స్కూలు కంటే ఎక్కువ తొందరపడితే ఆ పిల్లవాడికి ఇక దిక్కెవరు?

అసలు ఏ వయసుకు ఎంత రావాలి అన్న ప్రశ్నకు ప్రభుత్వమే ఒక కొలత ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి 2021 జూలై 5న కేంద్రం 'నిపుణ్ భారత్' కార్యక్రమం ప్రారంభించింది. దాని ప్రకారం బడికి ముందు తరగతిలో 10 దాకా అంకెలు గుర్తుపడితే చాలు. ఒకటో తరగతి ముగిసేసరికి 99 దాకా చదవడం, రాయడం, చిన్న కూడికలు, తీసివేతలు రావాలి. రెండో తరగతికి 999 దాకా, మూడో తరగతికి 9999 దాకా సంఖ్యలు, చిన్న గుణకారపు లెక్కలు రావాలి. దీన్ని చూస్తే ఐదేళ్ల పిల్లచేత చుట్టాల ముందు పదమూడో ఎక్కం చెప్పించవలసిన అగత్యం ఎంతమాత్రం లేదని తెలుస్తుంది.

ఇక రోజుకు ఎంతసేపు అన్న సంగతి. నా సలహా ఇది. ఐదేళ్ల వాళ్లకు పది నిమిషాలు, ఆరు ఏడేళ్ల వాళ్లకు పదిహేను నిమిషాలు, ఎనిమిదేళ్లు వచ్చాక ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. అంతకు మించి వద్దు. రోజూ ఒకే వేళకు, కాస్త ఏదైనా తిని ఆడుకుని వచ్చాక కూర్చోబెట్టాలి. ఆదివారం రెండు గంటలు కూర్చోబెడితే 120 నిమిషాలు అవుతుంది. రోజుకు పదిహేను నిమిషాల చొప్పున వారానికి 105 నిమిషాలే. తక్కువే అయినా రెండోదే ఎక్కువ ఫలితమిస్తుంది. జర్మనీలో ఎబింగ్‌హౌస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఒక గ్రంథం ప్రకటించాడు. కొత్తగా నేర్చుకున్నది మొదటి కొద్ది గంటల్లోనే చాలావరకు మరిచిపోతామని, ఒకేసారి కూర్చుని వల్లించడం కంటే రోజుల మీద పంచుకుని వల్లిస్తే బాగా నిలుస్తుందని ఆయన చూపించాడు. మన పెద్దలు రోజూ సాయంత్రం దీపాలవేళ ఎక్కాలు అప్పజెప్పించుకున్నది కూడా ఇందుకే కాబోలు.

ఈ పదిహేను నిమిషాలను మూడు భాగాలు చేసుకోవచ్చు. మొదటి నాలుగైదు నిమిషాలు నిన్నటిది, మొన్నటిది. వచ్చిన లెక్కే మళ్లీ చేయించాలి. దానివల్ల పిల్లవాడికి ధైర్యం వస్తుంది. తరువాత ఆరేడు నిమిషాలు కొత్తది, అదీ ఒక్కటే. చివరి కొద్ది నిమిషాలు ఆట. ఇంకా కావాలని పిల్లవాడు అడుగుతుండగానే ఆపేయాలి. విసుగు పుట్టేదాకా లాగితే రేపు పుస్తకం చూడగానే కడుపునొప్పి అంటాడు.

దీనికి ఒక ఉదాహరణ చెబుతాను. జపాన్‌లో తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు ఉండేవారు. 1954లో రెండో తరగతి చదువుతున్న ఆయన కొడుక్కి లెక్కల్లో మార్కులు తక్కువ వచ్చాయి. భార్య చెప్పగా ఆయన కొడుకు కోసం రోజూ స్వయంగా కొన్ని లెక్కలు రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. అరగంటకు మించని పని. పిల్లవాడు సులువుగా చేయగలిగిన చోటి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టే ఎక్కించారు. ఆరో తరగతికి వచ్చేసరికి ఆ కుర్రవాడు కలనగణితం చేయగలిగాడు. అదే తరువాత దేశదేశాలకు పాకిన కుమోన్ పద్ధతి. మన పిల్లలందరూ ఆరో తరగతిలో కలనగణితం చేయాలని నేను చెప్పడం లేదు. ఆ తండ్రి తాను కోరిన చోటి నుంచి కాక, కొడుకు నిలబడిన చోటి నుంచి మొదలుపెట్టాడు. మనం నేర్చుకోవలసింది ఆ సంగతి.

పై మెట్టుకు ఎప్పుడు వెళ్లాలి? దీనికి నేను మూడు పరీక్షలు చెబుతాను. ఒకటి, పిల్లవాడు ఆ లెక్కను వస్తువులతో చేసి చూపగలగాలి. రెండు, ఎందుకు అలా చేశాడో తన మాటల్లో చెప్పగలగాలి. మూడు, రెండు రోజులు వదిలేసి అడిగినా చేయగలగాలి. మూడూ అయితే ముందుకు వెళ్లవచ్చు. ఒక్కటి లోపించినా అక్కడే ఉండాలి. పుస్తకంలో పేజీ తిరిగిందా లేదా అన్నది పరీక్ష కాదు.

ఉదాహరణకు 43లో నుంచి 17 తీసివేయడం తీసుకుందాం. మనలో చాలామందికి నేర్పింది ఇలా: మూడులో నుంచి ఏడు పోదు, పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకో, పదమూడులో నుంచి ఏడు పోతే ఆరు. పిల్లలు కొందరు నిజంగానే అడుగుతారు, "తాతయ్యా, ఆ అప్పు మళ్లీ ఎప్పుడు తీరుస్తాం?" అని. ప్రశ్న న్యాయమైనదే. అగ్గిపుల్లలు పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టండి. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు ముందు పెట్టండి. పదిహేడు తీయమనండి. విడివి మూడే ఉన్నాయి, ఏడు కావాలి. అప్పుడు పిల్లవాడే ఒక కట్ట విప్పుతాడు. విడివి పదమూడు అవుతాయి. ఏడు తీస్తే ఆరు మిగులుతాయి. మిగిలిన మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. జవాబు 26. ఇక్కడ అప్పు లేదు, తీర్చడం లేదు. కట్ట విప్పడమే. ఇలా వారం రోజులు పుల్లలతో, మరో వారం పలక మీద బొమ్మలు గీసి, ఆ తరువాతే అంకెలతో చేయిస్తే ఆ లెక్క జీవితంలో మరిచిపోడు. మొదటి రోజే అంకెలతో చేయిస్తే సంవత్సరం పొడుగునా చెబుతూనే ఉండాలి. నెమ్మదిగా వెళ్లడం వల్ల కాలం కలిసి వస్తుందని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

వస్తువు, తరువాత బొమ్మ, తరువాత అంకె అన్న ఈ క్రమం కొత్తది కాదు. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మదరాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండిపోయిన మరియా మాంటిస్సోరి పూసలతో ఇదే చేయించింది. ఒక పూస ఒకటి, పది పూసల కడ్డీ పది, పది కడ్డీల పలక వంద. మనకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. చింతగింజలు, గవ్వలు, అగ్గిపుల్లలు, చిల్లర నాణేలు చాలు. రూపాయి బిళ్లలు, పది రూపాయల నోట్లు ఇచ్చి కూరల బేరం ఆడించండి. మనలో డెబ్బై అయిదు దాటినవారికి గుర్తుండే ఉంటుంది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేవరకు రూపాయికి పదహారు అణాలు. బేడకూ, పావలాకూ, అర్ధరూపాయికీ లెక్క కట్టి సరుకులు తెచ్చినవారు మనం. మనకు భిన్నాలు పుస్తకంలో కాదు, అంగడిలో వచ్చాయి. ఈ పిల్లలకు అంగడి లేదు, సెల్‌ఫోన్‌తోనే చెల్లింపులు అయిపోతున్నాయి. చిల్లర లెక్కపెట్టే అవకాశం మనమే కల్పించాలి.

ఆటల సంగతికి వస్తే, వైకుంఠపాళి, అష్టాచమ్మా, వామనగుంటలు అన్నీ లెక్కల పాఠాలే. అమెరికాలో రమణి, సీగ్లర్ అనే పరిశోధకులు బడికి వెళ్లబోయే పేదపిల్లల చేత వరుసగా అంకెలు వేసిన గళ్ల పలక మీద ఆట ఆడించి, రెండు వారాల్లో పదిహేనేసి నిమిషాల చొప్పున నాలుగు సార్లు ఆడితేనే వారి సంఖ్యా జ్ఞానం మెరుగుపడిందని 2008లో ప్రకటించారు. ఇందులో ఒక కిటుకు ఉంది. పిల్లవాడి కాయ 5 మీద ఉండి పందెం 2 పడితే, "ఒకటి, రెండు" అని కాక "ఆరు, ఏడు" అని గడుల అంకెలు చదువుతూ జరపాలి. కూడిక అక్కడే పుడుతుంది.

ఇంగ్లీషు మీడియం పిల్లల విషయంలో ఇంకొక జాగ్రత్త. తెలుగులో పదమూడు అంటే ముందు పది, తరువాత మూడు. అంకె రాసే వరుస కూడా అదే. ఇంగ్లీషులో థర్టీన్ అన్నప్పుడు మూడు ముందు వినిపిస్తుంది. అందుకే కొందరు పిల్లలు 13కు బదులు 31 రాస్తారు. థర్టీన్‌కూ థర్టీకీ కూడా తికమకపడతారు. దీనికి తిట్టవలసిన పని లేదు. "థర్టీన్ అంటే మన పదమూడు, పదీ మూడూ" అని పుల్లల కట్ట పక్కన మూడు పుల్లలు పెట్టి చూపితే చాలు. ఇంట్లో తెలుగు అంకెలు నేర్పితే చదువు పాడవుతుందని కొందరు తల్లిదండ్రులు భయపడుతున్నారు. సంఖ్య అర్థం కావడానికి తెలుగు అంకెల పేర్లు అడ్డం కావు, ఆసరా అవుతాయి.

ఎక్కాల గురించి అడగకుండా ఎవరూ నన్ను వదలరని తెలుసు. ఎక్కాలు కంఠతా రావాలా? రావాలి. ఇందులో నాకు రెండో మాట లేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు అనుసరించిన 2010 నాటి ప్రమాణాలు కూడా మూడో తరగతి పూర్తయ్యేసరికి ఒక అంకె గుణకారాలన్నీ జ్ఞాపకంలో ఉండాలనే చెప్పాయి. కాని మూడో తరగతి పూర్తయ్యేసరికి అన్న మాట గమనించండి. యు.కె.జి.లో కాదు. పైగా ఒకటి నుంచి పది దాకా ఎక్కాల్లో మొత్తం వంద లెక్కలున్నా, బట్టీ పట్టవలసినవి అన్ని లేవు. మూడు నాలుగులు పన్నెండే, నాలుగు మూళ్లూ పన్నెండే అని గింజలు వరుసలుగా పేర్చి చూపిస్తే వంద కాస్తా 55 అవుతాయి. అందులో ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు తేలికగా వస్తాయి. అవి తీసేస్తే మిగిలేవి 21 మాత్రమే. వారానికి ఒకటి చొప్పున నేర్పినా అర్ధసంవత్సరంలో అయిపోతాయి. రెండు, పది, ఐదు ముందు. తరువాత రెండుకు రెట్టింపు నాలుగు. తరువాత మూడు, దానికి రెట్టింపు ఆరు. తొమ్మిదో ఎక్కంలో 18, 27, 36 ఏది చూసినా అంకెలు కూడితే తొమ్మిదే వస్తుందని పిల్లలు తామే కనిపెట్టేలా చూడండి. ఎనిమిది, ఏడు చివర. ఏడెనిమిదుల యాభై ఆరు ఆఖరున వచ్చినా కొంప మునగదు.

పిల్లవాడు అలసిపోయాడని, లేదా మెట్టు ఎత్తు ఎక్కువైందని ఎలా తెలుస్తుంది? పలక వైపు కాక మన ముఖం వైపు చూస్తూ జవాబు చెబుతుంటే, అతడు లెక్క చేయడం లేదు, మన కనుబొమలు చదువుతున్నాడన్నమాట. ఒకదాని తరువాత ఒకటి ఊహించి అంకెలు చెబుతుంటే అర్థం కాలేదని గుర్తు. అలాంటప్పుడు అదే మాట గట్టిగా చెప్పడం వల్ల లాభం లేదు. ఒక మెట్టు కిందికి దిగి, వచ్చిన లెక్క ఒకటి చేయించి, ఆ రోజుకు ముగించాలి. వేళ్లు లెక్కపెడితే కొట్టవద్దు. అవసరం తీరాక వేళ్లు వాటంతటవే మానుకుంటాయి.

కొందరు పిల్లలు చురుకుగా ఉంటారు. వారిని వెంటనే పై తరగతి పుస్తకంలోకి తోసేయడం మనకు గొప్పగా ఉంటుంది. అలా కాక, అదే మెట్టు మీద వెడల్పు పెంచండి. "జవాబు 24 వచ్చే లెక్కలు నువ్వెన్ని తయారు చేయగలవో చూద్దాం" అనండి. ఒక గంట కూర్చున్నా తరగనంత పని అందులో ఉంది.

మన కోపం గురించి కూడా ఒక మాట. మన రోజుల్లో తొడపాశం, బెత్తం లేకుండా ఎక్కాలు రాలేదని, అయినా మనం ఉద్యోగాలు చేసి పైకి వచ్చామని కొందరు మిత్రులు అంటుంటారు. మనతోపాటు ఆ బెత్తానికి భయపడి బడి మానేసినవారు ఈ సభలో లేరు, అందుకే వారి మాట మనకు వినిపించదు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. బడిలో తప్పయినది ఇంట్లో ఒప్పు ఎలా అవుతుంది? దెబ్బ ఒక్కటే కాదు. "పక్కింటి పాప చూడు" అన్న మాట కూడా దెబ్బే. "మీ అమ్మకూ లెక్కలు రావు, నీకెలా వస్తాయి" అన్నది ఇంకా పెద్ద దెబ్బ, ఒక్క మాటతో ఇద్దరికి తగులుతుంది. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల పిల్లలను పరిశీలించి 2015లో ఒక సంగతి వెల్లడించారు. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచుగా హోంవర్కు చేయించిన ఇళ్లలో పిల్లలు తక్కువ నేర్చుకున్నారు, వారికీ ఆ భయం పట్టుకుంది. అంటే సహాయం చేస్తున్నామనుకుంటూనే మన కంగారును పిల్లలకు అంటించగలం. కనుక మనకే విసుగ్గా ఉన్న రోజున పాఠం మానుకుని వైకుంఠపాళి ఆడుకోవడం మంచిది.

తల్లిదండ్రులతోనూ, టీచరుతోనూ ఒక మాట అనుకుని చెప్పడం చాలా అవసరం. స్కూల్లో ఒక పద్ధతి, తాతయ్య ఒక పద్ధతి అయితే మధ్యలో నలిగేది పిల్లవాడు. ముందు "మీ టీచరు ఎలా చెప్పారో నాకు చెప్పు" అని అడగండి. పిల్లవాడు మనకు పాఠం చెబితే అంతకు మించిన పునశ్చరణ లేదు. మన పద్ధతి తరువాత, ఇంకొక దారిగా చూపించవచ్చు. విదేశాల్లో ఉన్న మనుమలకు వీడియో కాల్‌లో చెప్పేవారు మరీ గుర్తుంచుకోవాలి. అక్కడి పిల్లలు లక్షను వంద వేలు అంటారు. కామా కూడా మనం 1,00,000 అని పెడితే వారు 100,000 అని పెడతారు. అది తప్పు కాదు, వాడుక వేరు.

చివరగా ఒక జాగ్రత్త. నెలల తరబడి ఓపికగా చెప్పినా ఐదు గింజలకూ ఎనిమిది గింజలకూ తేడా పట్టుకోలేకపోతే, ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. బోర్డు కనబడక వెనుకబడిన పిల్లలు ఎందరో. అవి బాగుంటే టీచరుతో మాట్లాడి పిల్లల వైద్యునికి చూపించండి. అక్షరాలతో ఇబ్బంది పడే పిల్లలు ఉన్నట్లే సంఖ్యలతో ఇబ్బంది పడే పిల్లలూ ఉంటారు. అది సోమరితనం కాదు, తగిన శిక్షణతో చాలావరకు మెరుగుపడుతుంది.

మిత్రులారా, ముప్పై, ముప్పై అయిదేళ్లు గడియారం చూసి ఆఫీసుకు పరుగెత్తినవాళ్లం. మన పిల్లలకు లెక్కలు చెప్పే తీరిక అప్పట్లో మనలో చాలామందికి లేదు. ఇప్పుడు ఆ తీరిక ఉంది. మన పింఛనులో నుంచి మనుమలకు ఏమి కొనిపెట్టినా నాలుగు రోజుల్లో పాతబడుతుంది. రోజూ పదిహేను నిమిషాలు తొందర లేకుండా పక్కన కూర్చోవడం మాత్రం వాళ్లకు కలకాలం ఉపయోగపడుతుంది. రేపు సాయంత్రమే ఒక అగ్గిపెట్టె, నాలుగు రబ్బరు బ్యాండులు, గుప్పెడు చింతగింజలు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. ముందు పిల్లవాడు ఏ మెట్టు మీద ఉన్నాడో చూసుకోండి. అక్కడి నుంచి చెయ్యి పట్టుకుని ఒక్కొక్క అడుగు నడిపించండి.